చైనా వెళ్లేవాళ్లు తెలుగును వెంట తీసుకెళ్లండి

క్రీ.శ. 671లో ఇత్సింగ్ అనే చైనా భిక్షువు గ్వాంగ్‌జౌ రేవులో ఓడ ఎక్కాడు. నలందలో చదువుకోవాలని బయల్దేరినవాడు, దారిలో సుమత్రా దీవిలోని శ్రీవిజయలో దిగి ఆరు నెలలు ఆగాడు. ఆ ఆరు నెలలూ సంస్కృత వ్యాకరణం చదువుకున్నాడు. తర్వాత బెంగాల్ తీరంలోని తామ్రలిప్తికి చేరాక కూడా నలందకు పరుగెత్తలేదు. మరో ఏడాది భాష మీదే కూర్చున్నాడు. తన వెనక వచ్చే భిక్షువులకు కూడా అదే సలహా రాసి పెట్టాడు: ముందు శ్రీవిజయలో ఒకటి రెండేళ్లు ఉండి భాష పట్టుకోండి, ఆ తర్వాతే భారతదేశం వెళ్లండి అని. నాగార్జునుడు శాతవాహన రాజుకు రాసినట్టు చెప్పే ‘సుహృల్లేఖ’ను చైనా భాషలోకి తెచ్చినవాళ్లలో ఆయనా ఒకడు. మన నేలతో ముడిపడిన ఆ లేఖ మధ్యలో మరో భాష లేకుండా నేరుగా వాళ్ల చేతికి అందింది.

మనం చైనాను అలా నేరుగా అందుకోలేదు. చైనా గురించి తెలుగువాళ్లు తక్కువ చదివారని కాదు. 1948లోనే ఆంధ్ర కమ్యూనిస్టు నాయకత్వం మావో ‘నూతన ప్రజాస్వామ్యం’ ఆధారంగా తన పంథాను పార్టీ ముందు పెట్టింది. ఆ తర్వాత ఎన్ని కరపత్రాలు, ఎన్ని అనువాదాలు, ఎన్ని చర్చలు! లూసున్ కథలు మనకు ఇష్టమైన కథలు. అయినా చైనా పేరు మీద ఉద్యమాలు నడిచిన నేల మీద, చైనా పత్రికను తెరిచి నాలుగు వాక్యాలు చదవగలిగినవాళ్లు ఎంతమంది ఉన్నారు? పొగడ్త, తిట్టు, భయం, ఆరాధన అన్నీ ఇంగ్లీషు గుండా వచ్చినవే. ఇది మన మేధోజీవితంలో పెద్ద లోటని నేను నమ్ముతాను. ఒక సెమిస్టర్ చైనాలో భాష చదువుకుని వస్తానని డిగ్రీ పిల్లలు అంటే ఇంట్లో ‘ఎందుకు, ఏం లాభం’ అని అడుగుతున్నారు. ఆ పిల్లల తరఫున ఈ వారం మాట్లాడాలనిపించింది.

ప్రభుత్వ విధానం కూడా వాళ్ల పక్షాన లేదు. 2019లో వచ్చిన జాతీయ విద్యావిధానం ముసాయిదాలో, బడిపిల్లలు నేర్చుకోదగిన విదేశీ భాషల్లో చైనీస్ పేరు ఉంది. 2020 జూలైలో తుది విధానం వచ్చేసరికి కొరియన్, జపనీస్, థాయ్, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్, పోర్చుగీస్, రష్యన్ ఉన్నాయి కానీ చైనీస్ లేదు. అప్పటికి గల్వాన్ లోయలో మన జవాన్లు ప్రాణాలు వదిలి నెలన్నర. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ గొడవ ఉన్న పొరుగువాడి భాష మరింత మందికి రావాలి. 1962 యుద్ధం జరిగిన మరుసటి ఏడాదే చైనా రేడియో తమిళ ప్రసారాలు మొదలుపెట్టింది. పెకింగ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జీ షియన్‌లిన్, సాంస్కృతిక విప్లవం రోజుల్లో ఎవరి కంటా పడకుండా వాల్మీకి రామాయణాన్ని సంస్కృతం నుంచి చైనీస్‌లోకి అనువదించాడు. 2008లో మన ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది. మనవైపు నుంచి 1937లో రవీంద్రుడు శాంతినికేతన్‌లో చీనాభవన్ తెరిచాడు. ఆ స్థాయి పట్టుదల తర్వాత మనకు కొనసాగలేదు. 2020లో ఆగిపోయిన, చైనాకు నేరుగా వెళ్లే విమానాలు 2025 అక్టోబరులో మళ్లీ ఎగిరాయి. కైలాస మానససరోవర యాత్ర కూడా అదే ఏడాది తిరిగి మొదలైంది. దారి తెరుచుకుంది కాబట్టి పిల్లలు వెళ్లాలి.

ఇంతకీ ఒక సెమిస్టర్‌లో ఏం వస్తుంది? పండితులు కాలేరు. తొమ్మిదేళ్ల నిర్బంధ విద్యలోనే మూడున్నర వేల అక్షరాలు అలవాటు చేసుకునే జనం మధ్యకు వెళ్తున్నాం. అయితే రోజూ పొద్దున ఎనిమిదింటి నుంచి మధ్యాహ్నం దాకా క్లాసు, ఆ తర్వాత గళ్ల నోటుబుక్కులో హాన్‌జీ (చైనీస్ అక్షరాల) రాత, సాయంత్రం బజారు. ఇవన్నీ కలిసి నాలుగైదు నెలల్లో ఇచ్చేది ఇక్కడ మూడేళ్ల వారాంతపు కోర్సు ఇవ్వదు. బీజింగ్ భాషా సంస్కృతి విశ్వవిద్యాలయం 1962లో పుట్టిందే విదేశీయులకు చైనీస్ నేర్పడానికి. అలాంటి చోట మొదటి రోజు పరీక్ష పెట్టి, వచ్చినంతను బట్టి క్లాసులో వేస్తారు. టీచరు మొదటి వారం నుంచే చైనీస్‌లోనే చెబుతారు. ఇంటిపేరు చివర ‘లావ్‌షీ’ చేర్చి పిలవాలి, మనం మాస్టారూ అన్నట్టు.

నేను అక్కడ ఒక సెమిస్టర్ చదువుకున్నాను. అందరూ చెప్పే కష్టం నిజమే, నాలుగు స్వరాలు మనల్ని ఏడిపిస్తాయి. తెలుగులో గొంతు ఎత్తుదింపులతో మాటకు అర్థం మారదు. రెండో స్వరానికీ మూడో స్వరానికీ తేడా చెవికి పట్టడానికే వారాలు పడుతుంది, నోటికి పట్టడానికి ఇంకా ఎక్కువ. దీనికి అడ్డదారి లేదు, రికార్డు వింటూ గట్టిగా అనుకరించడమే.

మిగతా విషయాల్లో మాత్రం మనం ఇంగ్లీషువాళ్ల కంటే ముందే ఉన్నాం. ఆ సంగతి మనకు ఎవరూ చెప్పరు. పాఠ్యపుస్తకంలోని వివరణ ఇంగ్లీషువాడి ఇబ్బంది తీర్చడానికి రాసింది. దాన్ని చదివి, లేని ఇబ్బందిని మనమూ తెచ్చిపెట్టుకుంటాం.

ఒక రోజు బోర్డు మీద నాలుగు ముక్కల పదబంధం వచ్చింది: వొ, జువోథియెన్, మాయ్ ద, షూ. నా పక్కన కూర్చున్న ఇంగ్లండ్ కుర్రాడు దాన్ని వెనక నుంచి ముందుకు తిప్పి చదువుకుంటున్నాడు. అతని భాషలో పుస్తకం ముందు రావాలి, కొన్న సంగతి తర్వాత రావాలి. నేను దాన్ని ముక్కకు ముక్క తెలుగులో వేసి చూశాను: నేను, నిన్న, కొన్న, పుస్తకం. కదిపే పనే లేదు. నామవాచకం ముందు ఎంత పొడుగు విశేషణమైనా పెట్టుకోవడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. ‘రేపు లైబ్రరీలో చదువుకుంటాను’ అన్నప్పుడు కాలం, చోటు, ఆ తర్వాత క్రియ వచ్చే వరస వాళ్లదీ అదే. ప్రశ్న అడగాలంటే మనం వాక్యం చివర ‘ఆ’ చేరుస్తాం, వాళ్లు ‘మా’ చేరుస్తారు. ఇంగ్లీషులో లాగా వాక్యాన్ని తలకిందులు చేయనక్కర్లేదు. ఒక్కచోట తెలుగు మనకు అడ్డం వస్తుంది. చైనీస్‌లో కర్మ క్రియ తర్వాత వస్తుంది, ‘కొన్నాను పుస్తకం’ అన్నట్టు. అక్కడ ఇంగ్లీషు సాయం తీసుకోవచ్చు.

ఉచ్చారణ సంగతి ఇంకా ఆశ్చర్యం. చైనీస్‌లో అసలు తేడా ప–బల మధ్య కాదు, ఒత్తు లేని ప, ఒత్తు ఉన్న ఫల మధ్య. మనం బీజింగ్ అని రాసే ఊరు వాళ్ల నోట పెయ్‌చింగ్‌కు దగ్గరగా వినిపిస్తుంది. చైనీస్ ఉచ్చారణ రాయడానికి 1958లో చైనా ఆమోదించిన పిన్‌యిన్ పద్ధతి రోమన్ లిపి వాడుతుంది కాబట్టి, ఇంగ్లీషు బడిలో చదివిన మనం ‘బి’ కనిపించగానే బ అంటాం, ‘పి’ కనిపించగానే ప అంటాం. రెండూ తప్పే. అదే అక్షరాలను తెలుగు లిపిలో ప–ఫ, త–థ, క–ఖ అని పక్కన రాసుకుంటే (ఫ ను పెదాలు కలిపి పలకాలి, ఫోనులో ఫ లాగా కాదు) సగం తప్పులు పోతాయి. మాటల్లో మనం ఒత్తులు సరిగా పలకమన్న మాట నిజమే. కానీ అ, ఆలు దిద్దిన ప్రతి బిడ్డకూ ఆ తేడా ఉందని తెలుసు. ఇంకొకటి. చాప, చుక్క అన్నప్పుడు పలికే దంత్య చకారం, చెట్టు, చిలక అన్నప్పుడు పలికే తాలవ్య చకారం మన నోట్లో వేరువేరుగా ఉన్నాయి. చైనీస్‌కు ఈ రెండూ కావాలి. ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు మాట మొదట్లో దంత్య చకారం పలకడానికి అవస్థ పడతారు. మనం చాప అంటే చాలు.

సంస్కృతి అన్నది క్లాసులో చెప్పే కాగితం కత్తిరింపులు, వారాంతంలో మహాకుడ్యం చూడటం మాత్రమే కాదు. హాస్టల్లో వేడినీళ్ల గది ఉండేది. చలికాలం పొద్దున్నే ఫ్లాస్కులు పట్టుకుని అందరూ అక్కడికే వచ్చేవాళ్లు. ఆ అంతస్తు చూసుకునే పెద్దావిడను అందరూ ‘ఆయీ’ అనేవాళ్లు. పిన్ని వరస. కొత్తవాళ్లను వరస పెట్టి పిలవడం యూరప్ పిల్లలకు వింతగా ఉండేది, నాకు ఇంట్లో ఉన్నట్టు ఉండేది. పెదనాన్నకు ఒక మాట, చిన్నాన్నకు ఒక మాట, మేనమామకు ఒక మాట ఉన్న భాష అది. ఆవిడ నా స్వరాలు తప్పని మొహమాటం లేకుండా చెప్పేది, సరిగ్గా పలికేదాకా ఫ్లాస్కు మూత ఇచ్చేది కాదు. చన్నీళ్లు తాగొద్దని, సాక్సులు తొడుక్కోమని రోజూ చెప్పేది. ఆ ఇంట్లో మాటలు నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఇప్పుడు అసలు వేదన. మన రెండు రాష్ట్రాల నుంచి చైనాకు వెళ్లేవాళ్లలో ఎక్కువమంది భాష కోసం వెళ్లరు, ఎంబీబీఎస్ కోసం వెళ్తారు. పాఠాలు ఇంగ్లీషులోనే అని ఏజెంట్లు చెబుతారు. పాఠం ఇంగ్లీషులో ఉండొచ్చు, వార్డులో మంచం మీద ఉన్న మనిషి చైనీస్‌లోనే మాట్లాడతాడు. ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి అని అడగలేనివాడు వార్డులో గోడ పక్కన నిలబడి ఏం నేర్చుకుంటాడు? చైనీస్ భాషా పరీక్ష హెచ్‌ఎస్‌కేలో నాలుగో స్థాయి రాకపోతే పట్టా రాదని బీజింగ్‌లోని మన రాయబార కార్యాలయం 2022 సెప్టెంబరులో హెచ్చరించింది. చైనాలో చదివొచ్చి 2015–2021 మధ్య ఇక్కడి అర్హత పరీక్ష రాసిన 40,417 మందిలో నెగ్గినవాళ్లు 6,387 మందేనన్న లెక్క కూడా అదే ప్రకటనలో ఉంది. అప్పులు చేసి పంపిన తల్లిదండ్రుల లెక్క అది. కారణాలు చాలా ఉన్నాయి, అన్నిటినీ భాష మీద తోయను. కానీ రోగితో మాట్లాడలేని క్లినికల్ చదువు చదువు కాదు. విదేశీ వైద్య పట్టాలపై మన దేశం పెట్టిన 2021 నిబంధనల ప్రకారం 54 నెలల కోర్సు, 12 నెలల ఇంటర్న్‌షిప్ విదేశంలోనే పూర్తి కావాలి. ఆ 54 నెలల లెక్కకు బయట, మొదటి పాఠానికి ముందే ఒక సెమిస్టర్ పూర్తిగా భాషకు కేటాయించాలి. ఖర్చు పెరుగుతుంది. అయినా పెట్టాల్సిన ఖర్చే.

ఉద్యోగాల కోణం కూడా ఉంది. శ్రీసిటీలో, కొంగరకలాన్‌లో తైవాన్ కంపెనీ ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి. మాండరిన్ వచ్చిన ఇంజినీరుకు అక్కడ గిరాకీ ఉంటుంది.

నేను కోరేది ఒక పుస్తకం. చైనీస్‌ను తెలుగు ద్వారా నేర్పే వాచకం. పిన్‌యిన్ పక్కన తెలుగు లిపి, దంత్య తాలవ్య చకారాల గుర్తులతో సహా. మన వాక్యం వాళ్ల వాక్యంతో కలిసే చోట్లు ముందు, విడిపోయే చోట్లు తర్వాత. హైదరాబాద్‌లో ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) ఉంది, తెలుగు విశ్వవిద్యాలయం ఉంది. ఆ పని చేయగలవాళ్లు కూడా మన మధ్యే ఉన్నారు. చైనా ఆస్పత్రుల్లో ఐదారేళ్లు గడిపి, కష్టపడి భాష పట్టుకుని, రోగులతో రోజూ మాట్లాడి వచ్చిన మన డాక్టర్లు. వాళ్లలో కొందరు ఇప్పుడు జిల్లా ఆస్పత్రుల్లో పనిచేస్తున్నారు. ఒక భాషాశాస్త్ర ఆచార్యుణ్ణి వాళ్లకు తోడిచ్చి, వేతనంతో ఆరు నెలలు సెలవిచ్చి, ఈ వాచకం రాయించాలి.