మందు ఖరీదు, మంచాన పడిన ఏళ్ల ఖరీదు

మెదడు నాళంలో రక్తపు గడ్డ అడ్డుపడి పక్షవాతం వచ్చినప్పుడు, ఆ గడ్డను కరిగించే ఇంజెక్షను ధర వినగానే ఇంటివారు వెనుకాడుతారు. ఇంత సొమ్ముకు ఫలితముంటుందా అని అడగడం న్యాయమే.

1995లో అమెరికాలో వెలువడిన పరిశోధన ప్రకారం, మూడు గంటలలోపు ఆల్టెప్లేస్ పొందినవారు మూడు నెలల తరువాత దాదాపు ఏ వైకల్యమూ లేకుండా ఉండే అవకాశం, పొందనివారికంటే కనీసం 30 శాతం అధికం. అయితే మందు పొందిన నూటికి ఆరుగురికి మెదడులో ప్రమాదకర రక్తస్రావమైంది. అందుకే ముందుగా సీటీ స్కాన్ తప్పనిసరి. 1998లో అక్కడే ఖర్చులు లెక్కగట్టారు. ఆసుపత్రి ఖర్చు పెరిగినా, తరువాతి దీర్ఘకాలిక సంరక్షణ ఖర్చు అంతకు మించి తగ్గింది.

మన ఇళ్లలో ఆ సంరక్షణకు రసీదు ఉండదు. కొడుకు వదులుకున్న కూలి, కోడలి నడుము నొప్పి, మనుమరాలి ఆగిన చదువు రూపంలో ఏళ్ల తరబడి చెల్లిస్తూనే ఉంటాము.

ఈ మందుకు గడువు సాధారణంగా నాలుగున్నర గంటలే. ఆ లోపల కూడా ఆలస్యమైన కొద్దీ మేలు తరుగుతుంది. కనుక మూతి వంకరపోయినా, చేయి వాలిపోయినా, మాట తడబడినా మాలిషుతోనో, తావీజుతోనో పొద్దు పుచ్చవద్దని మా మనవి. లక్షణాలు మొదలైన సమయం గుర్తుంచుకుని, 108కు ఫోను చేసి, దుఆ చేస్తూనే బయలుదేరాలి. ఈ వైద్యం దగ్గరలో ఏ ఆసుపత్రిలో ఉందో నేడే విచారించి ఉంచుకుందాము.