పి.జి. డాక్టర్ల జిల్లా డ్యూటీ మొక్కుబడి కారాదు

సోంపేట: ప్రభుత్వాసుపత్రి ఓ.పి.లో చిన్న వయసు డాక్టరు కనిపిస్తే ఉద్దానం పల్లెల నుంచి వచ్చిన వారికి ముందుగా కలిగేది అనుమానం. "నేర్సుకోడానికి మనమే దొరికామేటి?" అని పెద్దవాళ్లు గొణుక్కుంటారు. పెద్ద డాక్టరు వచ్చేవరకు బెంచీ మీదనే కూర్చుంటామని పట్టుబట్టే వారూ ఉన్నారు. ఈ అనుమానంలో కొంత న్యాయం ఉన్నది. చాలావరకు తెలియనితనమే ఉన్నది.

ఆ చిన్న డాక్టరు అప్పటికే నాలుగున్నర ఏళ్లు ఎం.బి.బి.ఎస్. చదివి, ఒక ఏడాది హౌస్ సర్జనుగా పనిచేసి, ఆపై నీట్ పి.జి. పరీక్షలో నెగ్గి ఎం.డి.లోనో ఎం.ఎస్.లోనో చేరిన వ్యక్తి. ఇది మరో మూడేళ్ల చదువు. అంటే ఎదురుగా కూర్చున్నది పూర్తి డాక్టరే. నేర్చుకుంటున్నది స్పెషలిస్టు పని.

ఈ పని పుస్తకాల వల్ల వచ్చేది కాదు. వార్డులో రోగి మంచం పక్కన నిలబడాలి. కేసు షీటు రాయాలి, రాత్రి డ్యూటీలు చేయాలి, రౌండ్సుకు వచ్చిన ప్రొఫెసరు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలి. చేసినదంతా లాగ్ బుక్కులో ఎక్కాలి. చివరి పరీక్షలో కూడా ఒక రోగిని చూపించి, ఆయనతో మాట్లాడి, ఒళ్లు పరీక్షించి జబ్బు ఏమిటో చెప్పమంటారు. ఆ రోగి ఎవరు? తరచుగా ఒక బీద రైతో, కూలీయో. విశాఖపట్నంలో ఆంధ్ర వైద్య కళాశాల 1923లో మొదలైంది. నూరేళ్లుగా అక్కడ చదివిన డాక్టర్లకు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి కె.జి.హెచ్.కు వెళ్లిన జనం ఒళ్లే పాఠ్యపుస్తకం. ఇంత పాఠం చెప్పిన పల్లెకు ఆ చదువు ఎంతవరకు తిరిగి వచ్చిందన్నది వేరే ప్రశ్న.

ఇక్కడ ఒక మాట రోగులు తెలుసుకోవడం అవసరం. పి.జి. విద్యార్థి థీసిస్ కోసం రోగిని చేర్చుకోవాలంటే విషయం అర్థమయ్యే భాషలో చెప్పి సమ్మతి తీసుకోవాలి. ఇష్టం లేదంటే సంతకం పెట్టనక్కరలేదు. పెట్టనందుకు వైద్యం ఆపడానికి వీల్లేదు. వేలిముద్ర వేయమన్నప్పుడు కాగితంలో ఏమున్నదో చదివించుకుంటే తప్పు పట్టేవారు ఎవరూ ఉండరు.

2020 సెప్టెంబరులో వచ్చిన నిబంధనతో పల్లెకు దారి కొంత తెరుచుకున్నది. ఎం.డి., ఎం.ఎస్. చదివే ప్రతి విద్యార్థీ మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలని ఇందులో ఉన్నది. ప్రభుత్వ కాలేజీయా, ప్రైవేటు కాలేజీయా అన్న భేదం లేదు. స్టైపెండు కాలేజీయే ఇస్తుంది. ఈ మూడు నెలలు సంతృప్తికరంగా పూర్తి చేయనివారికి ఆఖరి పరీక్షకు కూర్చునే అర్హత లేదు. మొదట నూరు పడకలకు తగ్గని ఆసుపత్రులకే పంపాలని ఉండగా, 2023 నిబంధనల్లో దీనిని 50 పడకలకు తగ్గించారు. జిల్లా కేంద్రానికి దూరంగా ఉన్న ఊళ్లకు ఈ చిన్న మార్పే పెద్ద అవకాశం.

ఉద్దానానికి ఇది మరీ అవసరం. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్లను గుల్ల చేసిందో కొత్తగా చెప్పనక్కరలేదు. దీనికి కారణం ఇదని నేటికీ తేల్చి చెప్పలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. అయితే మూత్రపిండాల నిపుణుడు కావాలంటే ఎం.డి. పైన డి.ఎం. అని మరో మూడేళ్లు చదవాలి. అటువంటి డాక్టరు మూడు నెలల డ్యూటీలో వస్తారని ఆశ పెట్టుకోవడం పొరపాటు. వచ్చేది జనరల్ మెడిసిన్ డాక్టరు. అదీ తక్కువేమీ కాదు. బి.పి. అదుపులో ఉంచడం, క్రియాటినిన్ పరీక్ష సకాలంలో చేయించడం, కనిపించిన నొప్పికల్లా మెడికల్ షాపులో మాత్రలు కొని మింగవద్దని గట్టిగా చెప్పడం ఆ డాక్టరు చేయగల పనులే. ఈ మాటలు చెప్పించుకోవడానికి ఇచ్ఛాపురం నుంచి విశాఖకు 200 కిలోమీటర్లు పైగా పోవలసిన పని ఏమున్నది? కూలి పోతుంది, ఛార్జీలు పోతాయి, తోడు వచ్చినవాడి పనీ పోతుంది.

కాబట్టి ఈ డ్యూటీ రిజిస్టరులో సంతకాలతో ముగిసిపోకూడదని గ్రామస్థులు కోరడం సమంజసం. పి.జి. డాక్టరును ఖాళీ పోస్టు పూడ్చే మనిషిగా చూడడం కూడా తగదు. పైన నేర్పే స్పెషలిస్టు లేని చోటికి పంపితే ఆ విద్యార్థికి చదువూ ఉండదు, రోగికి ధైర్యమూ ఉండదు. పెద్దల గొణుగుడులో న్యాయం ఉన్నదన్నది ఇందుకే. అనుభవం గల డాక్టరు అక్కడ ఉండి తీరాలి.

రాత్రి డ్యూటీలు వేసే ఆసుపత్రిలో, ముఖ్యంగా అమ్మాయిలకు, గడియ పడే గది, వెలుగు, కాపలా ఉండాలి. 2024 ఆగస్టులో కలకత్తాలో డ్యూటీలో ఉన్న పి.జి. డాక్టరు హత్యకు గురైన తరువాత ఏ తండ్రి అయినా ముందు అడిగేది ఇదే. వసతి చూపకుండా, డాక్టర్లు పల్లెకు రారని నింద వేయడం సులభమైన పని.

మూడు నెలలకు డాక్టరు మారినా రోగి మారడు. బి.పి. ఎంత, క్రియాటినిన్ ఎంత, ఏ మందు ఎప్పుడు మార్చారు అన్నది రోగి చేతిలోని పుస్తకంలో అర్థమయ్యే అక్షరాలతో రాసి ఉంటే తరువాత వచ్చినవారు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కరలేదు. ఇప్పుడున్న పి.జి. డాక్టరు ఏ విభాగానికి చెందినవారు, ఏ తేదీ వరకు ఉంటారు, ఏ రోజుల్లో ఓ.పి. చూస్తారు అన్న వివరాలతో ఆసుపత్రి గేటు వద్ద తెలుగులో ఒక బోర్డు పెట్టించడానికి నిధుల మంజూరు కోసం ఎదురు చూడనవసరం లేదు. సూపరింటెండెంట్లు ఈ వారమే ఆ పని చేయవచ్చు.