మాటలు వచ్చేదాకా ఆగకండి

అన్నలారా, తడి గుడ్డలో కట్టి మొలక చూడందే విత్తనం చల్లం కదా. పుట్టిన బిడ్డకి చెవులు వినపడుతున్నాయో లేదో మాత్రం రెండేళ్లొచ్చినా చూపించం. "వాళ్ల నాన్నకీ మాటలు లేటే" అంటారు పెద్దోళ్లు. ఆ మాట పట్టుకుని కూర్చోవద్దు. వెనక పళ్లెం మోగిస్తే తిరిగాడు అంటారా, నీడ కదిలినా తిరుగుతాడు!

ఓఏఈ అని పరీక్ష ఉంది. బిడ్డ నిద్రలో ఉండగా చెవిలో చిన్న గొట్టం పెడతారు, నొప్పుండదు, నిమిషాల్లో అయిపోద్ది. నెలలోపు ఈ పరీక్ష, తేడా ఉంటే 3 నెలలకల్లా నిర్ధారణ, 6 నెలలకల్లా మిషనో చికిత్సో మొదలవ్వాలని డాక్టర్ల లెక్క. మేనరికం ఇళ్లలో, నెలలు నిండకుండా పుట్టినోళ్లకి మరీ ముఖ్యం.

నన్నడిగితే కాన్పయిన ఆసుపత్రిలోనే, ఇంటికి పంపేముందే ఇది చెయ్యాలి. కూలి మానుకుని జిల్లా దాకా ఎంతమంది పోతారు? అందాకా ఆశా కార్యకర్తనో, అంగన్‌వాడీకొచ్చే ఆర్‌బీఎస్‌కే డాక్టర్నో గట్టిగా అడగండి.