వెన్నులో గండి పూడిందా?



యాభై అరవై ఏళ్ల రైతు. పొలం దాకా నడిచేసరికి కాళ్లు బరువెక్కుతాయి. గట్టు మీద కాసేపు కూర్చుంటే తేరుకుంటాయి. కొన్ని నెలలకు పాదాలు తిమ్మిరెక్కి, చెప్పు జారిపోయినా తెలియదు. తర్వాత మూత్రం సరిగా రాదు. ఇంట్లోవాళ్లు నడుము పట్టిందనుకుని తైలం రుద్దుతారు. చాలామందిలో కారణం వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు జారడమే కావచ్చు. కాని ఇవే గుర్తులతో వచ్చే అరుదైన జబ్బు ఒకటుంది. ఇది ఎక్కువగా యాభై దాటిన మగవారికి వస్తుంది.

వెన్నుపామును చుట్టి ఒక గట్టి పొర ఉంటుంది. ఆ పొరలో ఒక ధమని నేరుగా సిరతో కలిసిపోవడమే ఈ జబ్బు. పెద్ద కాలువకు గండిపడి నీళ్లు మురుగు కాలువలోకి దూకితే ఏమవుతుంది? మురుగు కాలువ నిండిపోతుంది, చేలో నీరు బయటికి పోదు, పైరు కుళ్లిపోతుంది. ఇక్కడ చేను మన వెన్నుపాము. సిరల్లో రక్తం నిలిచి, అది ఉబ్బి, మెల్లగా పని మానేస్తుంది.

పూర్వం వైద్యులు ఉబ్బిన సిరలే జబ్బనుకుని వాటిని ఒలిచి తీసేసేవారు. అంటే మురుగు కాలువనే పూడ్చేసినట్లు! లండన్‌లో కెండల్, లోగ్ అనే వైద్యులు 1977లో అసలు తప్పు పొరలో ఉన్న గండిదేనని చూపారు. గండి పూడిస్తే చాలు.

ఎం.ఆర్.ఐ. పరీక్షలో వెన్నుపాము వాపు, పాముల్లా మెలికలు తిరిగిన సిరలు కనబడతాయి. గండి ఎక్కడుందో తెలియడానికి యాంజియోగ్రాం చేస్తారు. తొడ దగ్గర ధమనిలోకి సన్నని గొట్టం పంపి, వెన్నుకు పోయే ధమనులను ఒక్కొక్కటిగా మందుతో నింపి ఎక్స్‌రే తీస్తారు. కొందరికి ఆ గొట్టం గుండానే జిగురు పంపి గండి మూస్తారు. మిగతావారికి ఆపరేషన్ అవసరం.

ఆపరేషన్‌లో రోగిని బోర్లా పడుకోబెట్టి, పూస వెనుక ఎముక కొంత తీసి, పొరను తెరుస్తారు. మైక్రోస్కోపులో చూస్తే సిర కూడా ధమనిలా ఎర్రగానే ఉంటుంది. ఏది ఏదో కంటితో చెప్పడం కష్టం. అప్పుడు ఇండోసయనిన్ గ్రీన్ అనే పచ్చ మందును చేతి నరంలోకి ఎక్కిస్తారు. కంటికి కనబడని ఒక రకం వెలుతురు పడితే ఆ మందు మెరుస్తుంది. మైక్రోస్కోపు కెమెరా ఆ మెరుపును తెరపై చూపుతుంది. ముందు ధమని, వెంటనే గండి ఉన్న సిర, ఆ తర్వాతే మామూలు సిరలు వెలుగుతాయి. ఆ వరుసే డాక్టరుకు దారి చూపుతుంది.

ఆయన ఆ సిరకు చిన్న క్లిప్పు పెట్టి, కొన్ని నిమిషాలు ఆగి మందు మళ్లీ ఎక్కిస్తారు. సిర ముందుగా మెరవకపోతే గండి పూడినట్లే. మెరిస్తే ఇంకో పిల్ల కాలువ మిగిలిందన్నమాట. జర్మనీలో ఆండ్రియాస్ రాబే బృందం మెదడు రక్తనాళాల ఆపరేషన్లలో ఈ పద్ధతిని 2003లో ప్రకటించింది. తర్వాత అది వెన్నుకూ వచ్చింది. మందును కాలేయం పైత్యరసంతో బయటికి పంపేస్తుంది. అందులో కొద్దిగా అయోడిన్ ఉంటుంది కనుక, అయోడిన్ పడనివారు ముందే డాక్టరుకు చెప్పాలి.

దీనికీ ఒక హద్దుంది. తెరిచిన చోట, పైకి కనబడే నాళాలనే ఇది చూపుతుంది. ఎముక కింద, రక్తం చాటున ఉన్నవి కనబడవు. అందుకే చిక్కైన కేసుల్లో ఆపరేషన్ బల్ల మీదే యాంజియోగ్రాం కూడా తీస్తారు. రోగి బోర్లా ఉంటాడు కాబట్టి గొట్టాన్ని ముందే అమర్చుకోవాలి. ఇంత శ్రమ ఎందుకంటే, ఒక్క దారి మిగిలినా కాళ్ల బలహీనత మళ్లీ వస్తుంది.

గండి పూడితే జబ్బు ముదరడం ఆగుతుంది. చాలామందికి నడక మెరుగవుతుంది. మూత్రం ఇబ్బంది మాత్రం అంతగా తగ్గకపోవచ్చు. మంచం పట్టాక వెళ్తే పోయిన బలమంతా తిరిగి రాదు. కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా నడిచేకొద్దీ కాళ్లు బలహీనమై, తిమ్మిరి, మూత్రం ఇబ్బంది తోడైతే, తైలాలతో నెలలు గడపకండి. నరాల వైద్యునికి చూపించండి. ఆ కాళ్లు మళ్లీ పొలం గట్టు మీద నడిచేది లేనిది మీరు ఎంత త్వరగా బయలుదేరారన్న దానిపైనే చాలావరకు ఆధారపడి ఉంటుంది.