ఎవరి ఉత్తరాయణం?

మొన్న సంక్రాంతికి జగ్గయ్యపేటలో జరిగిన ఒక సభలో వక్త మహాశయుడొకడు సెలవిచ్చాడు: మకర సంక్రమణం నాడే సూర్యుడు ఉత్తరానికి తిరుగుతాడట, ఇది వేదకాలం నుంచి చెక్కుచెదరని సనాతన విజ్ఞానమట. చప్పట్లు కొట్టినవారిలో మాబోటి అధ్యాపకులూ ఉన్నారు గనుక ఈ నాలుగు మాటలు రాయక తప్పడం లేదు.

సూర్యుడు ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 21నో 22నో. జనవరి 14 నాటికి ఆ ముచ్చట తీరి మూడు వారాలు దాటుతుంది. వేదాంగ జ్యోతిషం ఉత్తరాయణాన్ని ధనిష్ఠా నక్షత్రం నుంచి లెక్కించింది. అందులో మకరరాశి ఊసే లేదు. రాశులు మనకు గ్రీకుల నుంచి వచ్చాయి. ధనిష్ఠ మాట ఒకప్పటిదనీ, ఇప్పుడు అయనం మకరాదిలో మారుతున్నదనీ, తేడా వస్తే కంటితో చూసి తేల్చుకోవాలనీ 6వ శతాబ్దంలో వరాహమిహిరుడే అన్నాడు. ఆయన పేరు చెప్పుకునేవారు ఆ ఒక్క పనీ చేయలేదు! పంచాంగపు సంవత్సరం రుతువుల సంవత్సరం కన్నా ఇరవై నిమిషాలు పెద్దది. సుమారు 72 ఏళ్లకొక రోజు పండుగ వెనక్కు పడుతుంది. 1863లో సంక్రాంతి జనవరి 12న వచ్చింది. వివేకానందుడు పుట్టింది ఆనాడే. మేఘనాథ సాహా అధ్యక్షుడుగా పంచాంగ సంస్కరణ సంఘం 1955లోనే ఈ సంగతి విప్పి చెప్పింది. విన్నదెవరు? ఈ జబ్బు మనదొక్కరిదే కాదనుకోండి. రోమనులు అజేయ సూర్యుని జన్మదినం చేసుకున్న డిసెంబరు 25 కూడా అయనం దాటిన రోజే.

సంక్రాంతీ అయనమూ కలిసినది సుమారు 3వ శతాబ్దంలో. ఆనాటి సాక్ష్యం జగ్గయ్యపేటలోనే, ధనంబోడు స్తూపం దగ్గర దొరికింది. ఇక్ష్వాకు వీరపురుషదత్తుని కాలపు శాసనమది. మహాచైత్యానికి ఆయక స్తంభాలు ఇచ్చినవాడు రాజు కాదు, సిద్ధార్థుడనే శిల్పి. తేదీ ఎలా వేశారు? రాజు ఏలుబడిలో 20వ ఏడు, వర్షాకాలపు 8వ పక్షం, 10వ రోజు. రాశి లేదు, పుణ్యకాలం లేదు. వానతో కొలిచిన తేదీ.

ఇదంతా విని నందిగామలో మా విద్యార్థి మిత్రులు, "అయితే ఈ మూఢాచారం మనకెందుకు మాస్టారూ? వదిలేద్దాం" అన్నారు. ఇదీ నాకు సమ్మతం కాదు. గొబ్బెమ్మలోని పేడ, భోగిమంటలోని కట్టె, కనుమనాటి ఎద్దు ఏ రాశిచక్రంలోంచి వచ్చాయి? ఈ పండుగ నిలిచింది కళ్ళంలోని గింజ వల్ల. ఇంట్లో గింజ ఉంది గనుకనే హరిదాసుకీ గంగిరెద్దులవాడికీ దోసెడు పడింది. చాకలికీ మంగలికీ కుమ్మరికీ మాదిగకీ కళ్ళంలోనే మేర కొలిచేవారు. అది ధర్మం కాదు, ఏడాది చాకిరీకి కట్టిన చవక ధర. కాని వాళ్ల చేయి పడకుండా పంట ఇంటికి చేరేది కాదు. ఇవాళ మేర పోయింది, దానికి సాటిగా హక్కు మాత్రం రాలేదు. మునేటి ఒడ్డున పత్తి తీసే మనిషికి కనుమనాడు పని లేకపోతే కూలి లేదు. వాళ్ల పండుగను మనం వదిలేస్తే వేదిక మీది వక్త ఎత్తుకుపోవడానికి సిద్ధంగా ఉన్నాడు.

వచ్చే డిసెంబరు మొదటినుంచి సంక్రాంతి దాకా కళాశాల ఆవరణలో ఒక కర్ర పాతి, రోజూ మధ్యాహ్నపు నీడ కొలుద్దామన్నాను. పండుగ సెలవుల్లో ఇళ్లకు వెళ్లి, తాతల కాలంలో ఏ కళ్ళంలో ఎవరికెంత మేర కొలిచారో అడిగి రాసుకురమ్మన్నాను. నీడ చూడ్డానికి రమ్మని వక్తగారికీ కబురు పంపాను. ఇంకా జవాబు రాలేదు.