ఊరి దాకా గూడ్సు బండి

వాషింగ్టన్ రాష్ట్రం అనగానే మనవాళ్లకు సియాటిల్, అమెజాన్, మైక్రోసాఫ్ట్ గుర్తొస్తాయి. ఆ రాష్ట్రం తూర్పు కొసన ఉన్న పలూస్ సంగతి వేరు. అక్కడ కంటికి ఆనినంత మేరా గోధుమ చేలే. పంటలో ఎక్కువ భాగం పసిఫిక్ తీరం రేవుల మీదుగా ఆసియా దేశాలకు పోతుంది. గింజలను పెద్ద రైలు మార్గం దాకా చేర్చడానికి అక్కడి రైతులకు దశాబ్దాలుగా పాత బ్రాంచ్ లైన్లు అక్కరకొస్తున్నాయి.

1980లో స్టాగర్స్ చట్టం వచ్చాక గిట్టుబాటు కాని లైన్లను వదిలించుకోవడం అమెరికాలోని పెద్ద రైల్వే కంపెనీలకు సులువైంది. కొన్నిచోట్ల పట్టాలే పీకేశారు. మిగిలినవాటిలో చాలా లైన్లను చిన్న కంపెనీలు అందుకున్నాయి. వీటినే షార్ట్‌లైన్లు అంటారు. ఇవాళ ఇలాంటివి సుమారు 600 ఉన్నాయి. ధాన్యం గోదాములు, రంపపు మిల్లులు, ఎరువుల డిపోలు వీటి ఖాతాదారులు. పెద్ద కంపెనీ లెక్కలోకి రాని నాలుగు వ్యాగన్ల సరుకు కోసం కూడా ఇవి ఇంజను పంపుతాయి.

పలూస్ లైన్లు కూడా అలాగే చేతులు మారాయి. 2004, 2007ల్లో రాష్ట్ర ప్రభుత్వం ముందుకొచ్చి వాటిని కొనేసింది. మొత్తం 297 మైళ్లు, అంటే దాదాపు 478 కిలోమీటర్లు. పట్టాలు ప్రజల సొత్తు, బండ్లు నడిపేది ప్రైవేటు సంస్థలు. ఇక లైను ఎక్కడికీ పోదన్న ధీమా కుదిరాక పెట్టుబడీ వచ్చింది. 2013లో రైతు సహకార సంఘాలు కలిసి మెకాయ్ దగ్గర 110 వ్యాగన్ల రైలును నింపగల కేంద్రాన్ని తెరిచాయి.

ప్రభుత్వం చేసిన ఆ ఖర్చు ముమ్మాటికీ సబబే. ఒక్క వ్యాగన్ సరుకు మోయడానికి మూడు నాలుగు లారీలు కావాలి. లైను మూతపడితే ఆ లారీల కిరాయి రైతు నెత్తిన, గుంతలుపడ్డ రోడ్ల మరమ్మతు కౌంటీ నెత్తిన పడతాయి. రైల్వే కంపెనీ ఖాతా పుస్తకంలో ఈ నష్టం ఎక్కడా కనపడదు. అందుకే అమెరికా కేంద్ర ప్రభుత్వం కూడా షార్ట్‌లైన్లు పట్టాల నిర్వహణకు పెట్టే ఖర్చులో 40 శాతానికి, మైలుకు 3,500 డాలర్లు మించకుండా, పన్ను రాయితీ ఇస్తోంది. 2020 డిసెంబరులో దాన్ని శాశ్వతం చేసింది.

మన దగ్గర షార్ట్‌లైన్ కంపెనీలు లేవు, చిన్న లోడు కష్టాలు మాత్రం ఉన్నాయి. గుంటూరు ఎండుమిర్చిని గూడ్సు రైల్లో పంపాలంటే ఒకేసారి 1,500 టన్నులకు పైగా కూడగట్టాలి. చిన్న వ్యాపారికి అది అయ్యే పనేనా? అయితే 2020 జులైలో గుంటూరు జిల్లా రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు 16 పార్శిల్ వ్యాన్లలో 384 టన్నులు వెళ్లాయి. రోడ్డు మీద టన్నుకు సుమారు 7,000 రూపాయలయ్యే రవాణా, రైల్లో 4,608కే అయింది. కరోనా కష్టకాలంలో దారి చూపిన ఆ పద్ధతికి రైల్వే శాఖ మిర్చి సీజన్ పొడవునా వేళాపాళా ఉన్న బండ్లు కేటాయించాలి. లోడింగు స్టేషన్లలో గోదాములు, ప్లాట్‌ఫారాల ఖర్చులో రాష్ట్ర ప్రభుత్వం వాటా పెట్టాలి.