వసారా పోతే బజారు పోయినట్లే

పెళ్లి కుదిరితే బట్టల కోసం హైదరాబాద్‌లోని పత్తర్‌గట్టికి వెళ్లిరావడం చుట్టుపక్కల జిల్లాల్లో చాలామందికి పాత అలవాటు. ఎండన పడి వచ్చిన పల్లెవాసి అక్కడి రాతి కమానుల కింద నీడపట్టున నడుస్తూ నాలుగు దుకాణాలు తిరిగి బేరమాడుకోవచ్చు. కొన్నా కొనకపోయినా ఆ నీడ ఎవరినీ పొమ్మనదు.

ఆ వరుస దానంతటదే వెలసినది కాదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. ఆ తరువాత 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును నెలకొల్పి రోడ్ల విస్తరణ, బజార్ల నిర్మాణం చేపట్టింది. చార్మినార్ నుంచి మదీనా వైపు సాగే దారిలోని పత్తర్‌గట్టి ఆ కృషి ఫలితమే. కింద అంగడి, పైన గదులు, ముందు నడిచేవారికి దారి. ఎవరి దుకాణం వారిదే అయినా వీధికి ముఖం ఒక్కటే.

కాలం మారినప్పుడు దుకాణమూ మారక తప్పదు. ఏసీలు కావాలి, అద్దాల తలుపులు కావాలి, సరుకుకు చోటు కావాలి. పాత కట్టడమని వర్తకుని చేతులు కట్టివేయడం న్యాయం కాదు. లోపల ఏ మార్పు చేసుకున్నా ఆక్షేపణ లేదు. చిక్కంతా బయటి ముఖంతోనే. పాత బజార్లలో ఒకరు షట్టరును స్తంభాల దాకా జరుపుతారు. పక్కవారు కమానును బోర్డుతో కప్పేస్తారు. మూడోవారు రాతికి రంగు పూస్తారు. వసారా కాస్తా గోదాము అవుతుంది. నడిచేవాడు వాహనాల మధ్యకు దిగుతాడు. ఒక్కొక్కరికి దక్కేది రెండు గజాల జాగా, అందరూ పోగొట్టుకునేది బజారు.

మార్పు మరో విధంగానూ సాధ్యమని మొజంజాహి మార్కెట్ నిరూపించింది. 1935 నాటి ఈ రాతి కట్టడం నుంచి పండ్ల వ్యాపారం 1980వ దశకంలో కొత్తపేటకు తరలిపోయింది. తరువాత రేకులు, బోర్డులు, తీగలు పేరుకుని రాయి కనబడకుండా పోయింది. 2018లో మొదలైన పునరుద్ధరణ 2020 ఆగస్టు నాటికి పూర్తయింది. రాయి మళ్లీ వెలుగు చూసింది. దుకాణాలు మూతపడలేదు, ఐస్‌క్రీమ్ కోసం జనం రావడమూ మానలేదు.

మరమ్మతు తెలిసి చేయడం ముఖ్యం. గానుగ సున్నంతో కట్టిన పాత గోడ చెమ్మను లోపల దాచుకోదు, బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కి గోడ పొట్టు రాలుతుంది. పైగా అటువంటి ఇళ్లలో కప్పు బరువు మోసేది గోడే. అంగడి పెద్దది చేయాలని గోడ పడగొట్టే ముందు ఇంజనీరుకు చూపించకపోతే ప్రాణాలకే ముప్పు.

ఇందులో ప్రభుత్వ బాధ్యత తక్కువేమీ కాదు. హైదరాబాద్‌లో పాత కట్టడాలకు రక్షణగా ఉండిన జోనింగ్ నిబంధనను 2015లో తొలగించారు. 2017లో వారసత్వ చట్టం తెచ్చారు. చట్టం కాగితం మీద ఉన్నంత మాత్రాన గోడ నిలబడదు. చాలా పాత దుకాణాలకు వచ్చే అద్దె స్వల్పం, మరమ్మతు ఖర్చు అధికం. ముఖభాగాన్ని కాపాడే యజమానికి ఆస్తిపన్నులో రాయితీ ఇవ్వాలి. సున్నపు పని తెలిసిన మేస్త్రీలను అందుబాటులో ఉంచాలి. బోర్డు ఎంత ఉండాలో, ఏసీ పెట్టె ఎక్కడ బిగించాలో ముందే చెప్పాలి. కట్టిన తరువాత నోటీసులిస్తే లాభమేమిటి?

ఈ మాట హైదరాబాద్‌కే పరిమితం కాదు. జిల్లాలోని పాత బజారు వీధుల్లోనూ కొయ్య స్తంభాల వసారాలు, అరుగులు ఒక్కటొక్కటిగా మాయమవుతున్నాయి. కొత్త దుకాణం కట్టేవారు అడుగు వెనక్కి వేసి ఆ నీడను మిగిలిస్తే వారి వ్యాపారానికి వచ్చే లోటు లేదు. సంతకు వచ్చిన ముసలివారు కూర్చునేది ఆ అరుగు మీదనే, వాన పడితే పిల్లలు తలదాచుకునేది ఆ వసారాలోనే. దాన్ని కాపాడుకోవడం వర్తకులకు, పంచాయతీలకు, పురపాలక సంఘాలకు ఉమ్మడి బాధ్యత.